చిగుళ్ల జబ్బూ, తొందరపడి చెప్పిన నా సాక్ష్యమూ

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు ముందు దేవునికి స్తోత్రం చెల్లించి, తర్వాత తమకు జరిగిన మేలు చెబుతారు. ఇది రాయడానికి కూర్చున్నప్పుడు నేను ఆ వరుస మార్చాను. ముందు నా తప్పు చెబుతాను, తర్వాత మేలు. కుదురుగా చెప్పుకుంటే నా మనసు కుదుటపడుతుందని కొంత, ఇరవై ఏళ్లకే పళ్లు కదులుతున్న పిల్లలెవరైనా చదివితే నేను చేసింది చేయకుండా ఉంటారని కొంత రాస్తున్నాను. స్తోత్రం చివర ఉంటుంది. దాన్ని ఎగ్గొట్టను.

అప్పటికి రాష్ట్రం ఒక్కటే. మేం సీతాఫల్‌మండిలో అద్దెకుండేవాళ్లం. నాన్న రైల్వే ఆఫీసులో గుమస్తా. అమ్మ ఒక మిషన్ స్కూల్లో తెలుగు టీచరు. ఇద్దరిదీ గుంటూరు వైపు. నాకు పందొమ్మిది నిండాయి. టీచర్ ట్రైనింగ్ చదువుతూ, ఆదివారాలు సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. ఆరాధనలో లేఖన పఠనం కూడా ఎక్కువగా నాకే ఇచ్చేవారు, మాట స్పష్టంగా ఉంటుందని.

జనవరి నెలాఖరున ఒక ఉదయం జామకాయ కొరికితే కాయ మీద రక్తం కనిపించింది. పళ్లు తోముకునేటప్పుడు రక్తం రావడం అప్పటికే కొన్ని నెలలుగా ఉంది. నేనే పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం కింది ముందు పన్నును నాలుకతో తోస్తే అది కదిలింది. నొప్పి లేదు. ఈ జబ్బులో మోసం అంతా అక్కడే ఉంది. నొప్పి ఉంటే మనిషి పరిగెత్తుతాడు.

అమ్మ జామకాయ చూసింది, నా నోరు తెరిపించి చూసింది. తర్వాత గట్టు మీద కూర్చుండిపోయింది. ఎప్పటినుంచి అని కూడా అడగలేదు. ఉప్పు పెట్టి పుక్కిలించమంది, లవంగ నూనె రాసింది, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పన్ను కదిలితే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని నాన్న అన్నాడు. మా వీధి చివరి డాక్టరు ఎక్స్‌రే తీసి, చాలాసేపు వెలుతురుకు పెట్టి చూసి, ఇది తన దగ్గర అయ్యే పని కాదని పెద్ద దంత వైద్యశాలకు చీటీ రాసిచ్చాడు.

అక్కడ పొడుగాటి బెంచీలు. లోపలి గదిలో ట్రేలో పనిముట్లు పడే చప్పుడుకు బయట కూర్చున్న వాళ్లంతా ఒక్కసారి దవడలు బిగించేవాళ్లు. పేర్లు పిలిచేది యాదమ్మ అనే ఆయా. నన్ను చూసిన డాక్టరు పేరు సునంద. ఇంకా పైచదువు చదువుతున్న ఆవిడ, నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దదై ఉంటుంది. గీతలు గీసిన సన్నటి స్టీలు పుల్లను ఒక్కో పంటి పక్కన చిగురులోకి దింపి అంకెలు చెబుతుంటే పక్కనున్న అమ్మాయి రాసుకుంటోంది. ఆరు. ఏడు. ఎనిమిది. ఆరాధనలో పాటల నంబర్లు చెప్పినట్టు చెబుతోంది. చిగురు పంటిని ఎంత లోతున వదిలేసిందో మిల్లీమీటర్లలో ఆ అంకె అని, మూడు దాటకూడదని తర్వాత తెలిసింది.

ఇది వయసులో ఉన్నవాళ్లకు వచ్చే చిగుళ్ల జబ్బు అనీ, పంటిని పట్టుకున్న ఎముకను లోపల్లోపల తినేస్తుందనీ చెప్పింది. తర్వాత అమ్మ వైపు తిరిగింది.

"మీ ఇంట్ల ఎవరికన్నా చిన్న వయసులనే పళ్లు ఊడినయా అమ్మా?"

"లేదండీ. మా ఇంట్లో ఎవరికీ లేదు."

నేను అమ్మ వంక చూశాను. అమ్మ నా వంక చూడలేదు. అమ్మవి కట్టుడు పళ్లు. పైవీ కిందివీ మొత్తం. ఆ సంగతి నాన్నకూ నాకూ తప్ప సికింద్రాబాదులో ఎవరికీ తెలియదు. నేను పుట్టినప్పుడు ఒంట్లో బలం లేక ఊడిపోయాయని చెప్పేది. స్నానాల గది తలుపు వేసుకుని కడుక్కునేది. ఫోటోల్లో పెదవులు కలిపి నవ్వేది. డాక్టరు ముందు అమ్మను అబద్ధంలో పట్టుకోవడం తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞకు విరోధమని నాకు నేను చెప్పుకుని ఊరుకున్నాను. ఆజ్ఞను అడ్డం పెట్టుకోవడం నాకు అప్పటినుంచే అలవాటయింది.

డాక్టర్ సునంద చదువులో భాగంగా నాలాంటి చిన్న వయసు రోగుల రక్తం మీద పరీక్ష చేస్తోంది. వైద్యానికి ముందు ఒకసారి, వైద్యమయ్యాక ఆరు వారాలకు మళ్లీ ఒకసారి రక్తం తీస్తుంది. దానిలోని తెల్ల కణాలకు క్రిములను ఎదురుపెట్టి, అవి ఎంత చురుగ్గా వాటిని మింగుతాయో సూక్ష్మదర్శినిలో చూస్తుంది. మొదటిసారి నా రక్తం చూశాక, నాకు అర్థమయ్యేలా చెప్పాలని స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"చూడు కరుణా, క్లీనింగ్, గోలీలు సగం పనే చేస్తయి. తక్కిన సగం నీ రక్తంల ఉన్న కణాలు చెయ్యాలె. ఇప్పుడైతే నీవి సుస్తుగున్నయి. క్లీనింగ్ అయినంక కొందరివి మంచిగ లేస్తయి, కొందరివి లేవవు. నీవి ఎట్ల చేస్తయో ఆరు వారాలైతే గాని నేను చెప్పలేను."

"లేవకపోతే?" అన్నాను.

కింద ముందు పళ్లు నాలుగు, వెనక దవడ పళ్లు రెండు తీసేయాల్సి వస్తుందని చెప్పింది. పందొమ్మిదేళ్లకు ఆరు పళ్లు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని "స", "త" అక్షరాలున్న మాటలు పెదవుల్లోనే పలికి చూసుకున్నాను. పళ్లు లేకుండా లేఖనం ఎలా చదువుతాను, క్లాసులో పిల్లల ముందు ఎలా నిలబడతాను. పట్టణపు గోడ మీద కాపలా ఉండాల్సిన వాళ్లు నిద్రపోతున్నట్టు నా రక్తం నాకు కనిపించింది.

ఫిబ్రవరిలో నాలుగుసార్లు వెళ్లాను. చిగుళ్ల కింద గీకి శుభ్రం చేశారు. క్రిముల పరీక్షకని సన్నటి కాగితపు ముక్కలు చిగుళ్లలోకి దూర్చి తడి తీసుకున్నారు. మూడు వారాలకు గోలీలు, పళ్ల సందుల్లో తిప్పుకోవడానికి బుల్లి బ్రష్షు, పుక్కిలించడానికి మందు ఇచ్చారు. రెండు వారాలు తిరిగేసరికి రక్తం ఆగిపోయింది. నాలుకతో తోస్తే పన్ను మునుపటిలా కదల్లేదు. అమ్మ నా గడ్డం పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి, అక్కడే మోకరించింది.

ఆ శుక్రవారం స్త్రీల సమాజం ఉపవాస ప్రార్థనలో అమ్మ ఈ సంగతి చెప్పింది. సమాజం పెద్ద సువార్తమ్మ గారు ఆదివారమే నాతో సాక్ష్యం చెప్పించమంది. ఇంకా గోలీలు అయిపోలేదని అమ్మ నసిగితే, "మేలు పొందీ నోరు మూసుకుంటే ఎట్లా సుగుణా? నోటికే కదా మేలు జరిగింది?" అని అందరినీ నవ్వించింది. అమ్మ కూడా నవ్వింది, పెదవులు కలిపి.

మార్చి మొదటి ఆదివారం లేచి నిలబడ్డాను. ఆసుపత్రి మాట ఎత్తలేదు. డాక్టరు మాట, గోలీల మాట ఎత్తలేదు. ప్రభువు నన్ను ముట్టాడని, సంపూర్ణంగా స్వస్థపరిచాడని చెప్పాను. సంపూర్ణంగా అన్న మాట అంతకుముందు అనుకున్నది కాదు. ఎదురుగా అన్ని ముఖాలు విచ్చుకుని చూస్తుంటే నోట్లోంచి వచ్చేసింది. సంఘం ఆమెన్ అంది.

ఆ సాయంత్రం గోలీ చేతిలో పెట్టుకుని నిలబడ్డాను. ఇంకో వారానికి ఉన్నాయి. పొద్దున సంపూర్ణంగా అని చెప్పి, సాయంత్రం ఇది మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదా అనిపించింది. గోలీల అట్ట సొరుగులో పడేశాను. బుల్లి బ్రష్షూ అందులోనే పెట్టాను. మానెయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు. మా పాస్టరు అయ్యగారు చెప్పలేదు, సువార్తమ్మ గారు చెప్పలేదు. అమ్మ సొరుగు తీసి చూసింది. వేసుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నాన్న అడిగితే బాగైపోయింది నాన్నా అన్నాను. ఆరో వారం వచ్చింది, వెళ్లింది. నేను ఆసుపత్రికి పోలేదు.

ఏప్రిల్‌లో రక్తం మళ్లీ మొదలైంది. కుళాయి తిప్పి పెట్టి, నీళ్ల చప్పుడులో ఉమ్మేదాన్ని. గుడ్ ఫ్రైడే సిలువ ధ్యానాల్లో, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఒక మాట చదవమని నాకిచ్చారు. చదువుతున్నంతసేపూ నోట్లో ఇనుప రుచి. నామీద నాకు కోపం రాలేదు, భయమే వేసింది. నా విశ్వాసం చాలక జబ్బు తిరిగొచ్చిందా, లేక నా కణాలు అసలు లేవనే లేదా? ఎవరిని అడగాలి?

అదే నెలలో ఒక పోస్టుకార్డు వచ్చింది. డాక్టర్ సునంద స్వయంగా రాసింది. ఆరు వారాల పరీక్ష మిగిలిపోయిందనీ, ఏ మంగళవారం వచ్చినా తాను ఉంటాననీ, ఆలస్యమైతే పళ్లకు మంచిది కాదనీ నాలుగు వాక్యాలు. అమ్మ చదివి గూట్లో గడియారం కింద పెట్టింది. నాన్నకు చూపించలేదు. రెండు వారాలపాటు అమ్మా నేనూ ఆ గడియారంలో టైము చూస్తూ, కింద బయటికి కనిపిస్తున్న కార్డు అంచును చూడనట్టు తిరిగాం.

మే నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. మా సంఘంలో అందరికీ ఒకే పాత్ర. బల్ల ముందున్న కటాంజనం దగ్గర వరుసగా మోకరిస్తే అయ్యగారు ఒక్కొక్కరి పెదవులకు పాత్ర అందించి, తెల్లటి గుడ్డతో అంచు తుడిచి, తర్వాతి వాళ్లకు అందిస్తారు. నా ఎడమ పక్క అమ్మ, కుడి పక్క సువార్తమ్మ గారు. వెళ్లకుండా ఉండొచ్చు. కానీ ప్రభు బల్లకు రాని మనిషి లోపల ఏదో పాపం దాచుకుందని అందరూ అనుకుంటారు. అయోగ్యంగా పాలుపొందినవాళ్లలో కొందరు రోగులయ్యారని అపొస్తలుడు తన పత్రికలో రాసిన హెచ్చరిక నాకు కంఠతా వచ్చు. వెళ్లినా భయం, వెళ్లకపోయినా భయం. వెళ్లాను.

రొట్టె నమలగానే చిగురు చిట్లింది. నాకు తెలిసింది. పాత్ర పెదవులకు తగిలేసరికి వెనక్కి జరిగే వీలు లేదు.

అయ్యగారు అంచు తుడిచారు. ద్రాక్షరసం మరక ఊదాగా ఉంటుంది. గుడ్డ మీదది ఎర్రగా ఉంది. ఆయన గుడ్డను చూశారు, నన్ను చూశారు. గుడ్డ మడిచి మరక లోపలికి పోయేలా పట్టుకుని, పాత్రను వెనక్కి తీసుకెళ్లి బల్ల మీద మూత పెట్టారు. విడిగా ఉంచిన రెండో పాత్ర తెచ్చి సువార్తమ్మ గారికి అందించారు. అంతా నిదానంగా, అది కూడా ఆరాధన క్రమంలోదే అన్నట్టు చేశారు. కానీ సువార్తమ్మ గారు తల తిప్పి నన్ను చూసింది.

ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను అంగీలు మార్చుకునే గదిలోకి పిలిచారు. తలుపు తెరిచే ఉంచి, కుర్చీ చూపించారు. ఎప్పటినుంచి అని అడిగారు. అంతా చెప్పేశాను. గోలీలు, సొరుగు, కార్డు, అన్నీ. అమ్మ పళ్ల సంగతి మాత్రం చెప్పలేదు. అది చెప్పవలసింది నేను కాదు.

"దేవుడు అబద్ధికుడవుతాడని భయపడ్డావా అమ్మా, నువ్వు అవుతావని భయపడ్డావా?" అన్నారు.

నేను తెరిచి ఉన్న తలుపు వంక చూశాను.

"సరే, ఇంకొకటి చెప్పు. సాక్ష్యం చెప్పేముందు ఎవరికి చూపించుకున్నావు?"

ఎవరికీ చూపించుకోలేదన్నాను. అప్పుడాయన కుష్ఠరోగి సంగతి ఎత్తారు. ప్రభువు వాణ్ణి బాగుచేసి, అప్పుడే ఎవరికీ చెప్పొద్దని, ముందు వెళ్లి యాజకుడికి దేహం చూపించుకోమని పంపాడు. ఆ రోజుల్లో చర్మం పరీక్షించి బాగైందో లేదో తేల్చేవాడు యాజకుడే. ఆ పాఠం నేను సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పానో. ఆ పాఠంలోని బొమ్మకు రంగులు వేసింది కూడా నేనే. చూపించుకోవడం తక్కువ విశ్వాసం కాదని, ముట్టినవాడే చూపించుకోమన్నాడని ఒక్కసారీ నా బుద్ధికి తట్టలేదు.

మంగళవారం పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే అమ్మ గడియారం ఎత్తి కార్డు తీసి సంచిలో పెట్టుకుంది. స్కూలుకు సెలవు చీటీ అప్పటికే నాన్న చేతికిచ్చింది.

డాక్టర్ సునంద తిట్టలేదు. అంకెలు చెప్పింది. ఈసారి రెండుచోట్ల తొమ్మిది. పుల్ల పక్కన పెట్టి, గోలీలు మొత్తం వేసుకున్నావా అంది. జరిగింది చెప్పాను.

"దేవుడు గోలీలు బంద్ చెయ్యమన్నడా?"

"లేదు మేడమ్."

"మరి నువ్వెందుకు చేసినవ్?"

ఆవిడ నా ఎక్స్‌రే తీసి వెలుతురుకు పెట్టింది. తర్వాత తన ఇబ్బంది చెప్పింది. ఆరో వారంలో రక్తం చూసి ఉంటే నా కణాలు లేచాయో లేదో తెలిసేది. ఇప్పుడు జబ్బు తిరగబడింది కణాలు చేతకాకనా, నేను మందులు మానేయడం వల్లనా తెలియదు. పళ్లు నిలబెట్టడానికి చూడాలో, ఇంకా ఎముక పోకముందే తీసేయాలో తేల్చుకోలేకపోతున్నానంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉండుంటే, వాళ్లకు ఎట్లా నడిచిందో తెలిస్తే కొంత ఆధారం దొరికేదని తనలో తాను అన్నట్టు అంది.

అమ్మ గోడ వైపు తిరిగింది. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ ఇటు తిరిగినప్పుడు బుగ్గలు లోపలికి పోయి, మా అమ్మమ్మలా ఉంది. రుమాలు విప్పి డాక్టరు ట్రే అంచున పెట్టింది.

"ఇరవై ఏడేళ్లకి," అంది. మాట గాలిలా వచ్చింది. "ముందు కిందివి. నొప్పి లేదు. మా చెల్లెలికీ ఇంతే. మాది శాపం అనుకున్నానండీ. ఎవరికీ చెప్పలేదు. ఇది కూడా..." అని నా వైపు చెయ్యి చూపించి ఆగిపోయింది.

పక్క కుర్చీలో ఎవరో రోగి ఇటు చూస్తున్నాడు. యాదమ్మ వచ్చి మధ్యలో ఆకుపచ్చ తెర లాగింది. స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి అమ్మ చేతికిచ్చింది.

"పరేషాన్ కాకు టీచరమ్మా. గీ తెర ఎన్క గిసొంటివి రోజూ చూస్తం. మూతి కడుక్కొని జెర పెట్టుకో," అంది.

డాక్టరు అమ్మ పక్కన కూర్చుని అన్నీ అడిగి రాసుకుంది. అది శాపం కాదని, కొన్ని కుటుంబాల్లో రక్తంలోని ఈ కణాల మందగింపు ఒకరి నుంచి ఒకరికి వస్తుందని, మీ రోజుల్లో ఎవరూ చూసి చెప్పలేదని అంది. అమ్మ ఆ మాట మళ్లీ చెప్పమని అడిగింది. ఆవిడ మళ్లీ చెప్పింది.

అంతా మొదటినుంచి మొదలుపెట్టాం. కుడివైపు దవడ పన్ను ఒకటి అప్పటికే చేయి దాటిపోయింది, తీసేశారు. దాన్ని నాకు చూపించమని అడిగాను. చూసి ఏడ్చాను. ఎడమవైపు చిగురు తెరిచి శుభ్రం చేసి కుట్లు వేశారు. గోలీలు నాన్న తన చేత్తో ఇచ్చేవాడు, నేను మింగి నోరు తెరిచి చూపించేదాకా కదిలేవాడు కాదు. "గుడ్డు పెట్టిందో లేదో కోడిని చూసినట్టు చూస్తున్నారు," అని అమ్మ అంటే నాన్న వినిపించుకోలేదు. మిగిలిన ఐదు పళ్లకు ఇంకో ఆరు వారాల గడువు. ఈలోగా సంఘంలో రెండో పాత్ర గురించి మాటలు నడుస్తున్నాయి. కరుణలో ఒప్పుకోని పాపం ఏదో ఉందని ఒకరన్నారని ఇంకొకరు వచ్చి చెప్పారు. నేను బల్లకు వెళ్లడం మానేశాను, ఈసారి భయంతో కాదు, నోరు మానేదాకా వద్దని. నా ప్రార్థన కూడా చిన్నదైపోయింది. కాపలావాళ్లను లేపు ప్రభువా అని, అంతే.

జులైలో రక్తం తీశారు. ఫలితం మళ్లీ వచ్చే మంగళవారం అన్నారు. ఆ మంగళవారం బెంచీ మీద కూర్చుని, లోపలినుంచి యాదమ్మ పేర్లు పిలుస్తుంటే నాది రాకూడదని కోరుకున్నాను. నాది వచ్చింది. డాక్టర్ సునంద చేతిలో కాగితం పట్టుకుని నిలబడే ఉంది.

"లేచినయ్," అంది.

మామూలు మనిషికి ఉన్నంత చురుకు లేదట. కానీ మొదటిసారికీ ఇప్పటికీ చాలా తేడా ఉందట. స్టీలు పుల్ల దింపింది. నాలుగు. మూడు. నాలుగు. మూడు. అమ్మ ఒక్కో అంకెకూ కళ్లు మూసుకుంటోంది.

"పళ్లు ఉంటాయా మేడమ్?"

"ఉంటయి. కానీ అయిపోయిందని మాత్రం అనకు. మూణ్ణెల్లకోసారి వచ్చి నాకు చూపించుకోవాలె. ఎప్పటిదాక అంటే, ఎప్పటిదాకనైనా."

ఆగస్టులో మొదటి ఆదివారం సాక్ష్యాల సమయంలో మళ్లీ లేచాను. మార్చిలో నేను చెప్పింది తప్పని చెప్పాను. నేను సంపూర్ణంగా బాగుపడలేదని, బాగవుతున్నానని, ఆ మాట నమ్మి మందులు మానేసి ఒక పన్ను పోగొట్టుకున్నానని చెప్పాను. ప్రభువు నన్ను ముట్టింది నిజమేనని, ఆయన చేతులకు రబ్బరు తొడుగులున్నాయని, నేను వాటిని గుర్తుపట్టలేదని చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. అమ్మ లేచి నిలబడింది. తనకూ ఇదే జబ్బని, తనవి కట్టుడు పళ్లని, పందొమ్మిదేళ్లుగా దాచానని రెండు ముక్కల్లో చెప్పి కూర్చుంది. అయ్యగారు ఒక్కరే ఆమెన్ అన్నారు. తర్వాత పాట నంబరు చెప్పారు.

ఆ రోజు బల్ల దగ్గర నా తర్వాత గుడ్డ మీద ఊదా మరకే ఉంది. నేను తలెత్తి చూశాను. చూడకుండా ఉండలేకపోయాను.

బయట చెప్పుల దగ్గర సువార్తమ్మ గారు మా కోసం ఆగి ఉంది. ఏమంటుందోనని అమ్మ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. ఆవిడ చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"ఆ డాక్టరమ్మ ఉండేది మంగళవారాలేనా?" అంది. "మా అమ్మాయి ప్రమీలకు ఇరవై రెండు. ఏడాది నుంచి పళ్లు తోమితే రక్తం వస్తోంది. నేనేమో ఉప్పు పెట్టిస్తున్నాను, ప్రార్థన చేస్తున్నాను. దాన్ని ఎవరికీ చూపించలేదమ్మా."

దేవునికి స్తోత్రం. ఆ మంగళవారం నలుగురం కలిసి బస్సెక్కాం.